నాకంటే ముందు నా పేరున్న పిల్ల

"ఆ అమ్మాయికి రెండే దారులు ఎందుకు ఇచ్చావమ్మా?"

మా అమ్మాయి ఈ మాట అడిగింది. ఆ తర్వాత పదకొండు రోజుల పాటు నా నవల ఒక్క వాక్యం కూడా ముందుకు కదలలేదు.

పన్నెండు నుంచి పదహారేళ్ల పిల్లల కోసం ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నాను. అందులో పదమూడేళ్ల అమ్మాయికి ఒక నిజం తెలుస్తుంది. తను పుట్టకముందే చనిపోయిన అక్క ఒంటిలోని ఒక కణం నుంచి తనను పుట్టించారని. తొమ్మిదో అధ్యాయంలో తల్లి ఎదురుగా నిలబడి అంతా చెప్పమంటుంది. మొదటిసారి రాసినప్పుడు తల్లిని క్షమించి గట్టిగా కౌగిలించుకుంది. మర్నాడు చదువుకుంటే ఆ క్షమ నాకే అబద్ధంగా అనిపించింది. రెండోసారి రాసినప్పుడు సంచి భుజాన వేసుకుని రాత్రికి రాత్రే ఇల్లు విడిచి వెళ్లిపోయింది. అదీ కుదరలేదు. రెండింటినీ పద్నాలుగేళ్ల మా అమ్మాయి చేతిలో పెట్టాను. తను పెన్సిలు పట్టుకుని చదువుతుంది. నమ్మబుద్ధి కాని చోట మార్జిన్‌లో చిన్న గీత గీస్తుంది. ఈసారి ఒక్క గీతా లేకుండా కాగితాలు తిరిగి ఇచ్చేసి ఆ ప్రశ్న అడిగింది.

ఈ కథ నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు వెతకలేను.

నాకంటే ముందు మా ఇంట్లో ఒక అమ్మాయి ఉండేది. ఆరేళ్లు నిండిన కొన్ని నెలలకు జ్వరంతో చనిపోయింది. ఏడాదిన్నర తర్వాత నేను పుట్టాను. అమ్మా నాన్నా నాకు ఆమె పేరే పెట్టారు. మొత్తం పేరు, అక్షరం తేడా లేకుండా.

నాకు పదేళ్లప్పుడు బీరువా అడుగు అరలో ఒక చూచిరాత పుస్తకం దొరికింది. అట్ట మీద నా పేరు. తెరిచి చూస్తే మొదటి పేజీ పై వరుసలో పెద్దవాళ్లు రాసిన నా పేరు, దాని కింద ఆరు వరుసల్లో దాన్ని చూసి రాసిన పసిచేతి అక్షరాలు. మొదటి రెండు వరుసలూ సరిగ్గానే ఉన్నాయి. మూడో వరుస నుంచి చివరి అక్షరానికి దీర్ఘం లేదు. లేని ఆ నాలుగు చోట్లా ఎర్ర పెన్సిలుతో ఎవరో దీర్ఘం పెట్టారు. ఎవరో ఏమిటి, అమ్మే. నా లెక్కల పుస్తకాలు దిద్దేదీ ఆ ఎర్ర పెన్సిలే. కానీ ఈ పుస్తకం నేనెప్పుడు రాశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నా రాత మొదటి నుంచీ ఎడమ పక్కకు వాలుతుంది. ఆ అక్షరాలు నిటారుగా నిలబడి ఉన్నాయి. అయినా పేరు నాదే కాబట్టి నేనే రాసి ఉంటానని సర్దిచెప్పుకుని పుస్తకాన్ని ఉన్నచోటే పెట్టేశాను. గోడ మీది ఫొటోలో రెండు జడలకు రిబ్బన్లు కట్టుకున్న పిల్ల కూడా నేనే అనుకుంటూ పెరిగాను. మరో రెండేళ్లకు గానీ నిజం తెలియలేదు. అప్పుడు కూడా ఇంట్లో చెప్పలేదు. ఒక బంధువు నోరు జారింది.

ఆ తర్వాత నేను చేసిన పని ఒకటుంది. ఒక కాగితం మధ్యలో గీత గీసి, అమ్మ చెప్పే నా చిన్ననాటి సంగతులన్నీ రెండుగా పంచాను. ఇది నాది, ఇది ఆమెది. బీరువా మీద నుంచి మంచం మీదికి దూకిన సంగతి ఆమె వైపు రాశాను. ఆ దూకుడు నాకు స్పష్టంగా గుర్తుంది, గాలిలో కడుపులో పుట్టిన ఆ జలదరింపుతో సహా. అయినా రాసేశాను. నేను భయస్తురాలినని అప్పటికే అందరూ అనేవారు మరి.

అందుకే మేరీ పియర్సన్ నవల 'ది అడొరేషన్ ఆఫ్ జెన్నా ఫాక్స్' చదువుతూ ఒకచోట పుస్తకం మూసి లేచి తిరగాల్సి వచ్చింది. 2008లో వచ్చిన నవల అది. (కథలు చివరిదాకా చెప్పేస్తాను. చదవాలనుకునేవాళ్లు ఇక్కడ ఆగండి.) పదిహేడేళ్ల జెన్నా ఘోరమైన కారు ప్రమాదం తర్వాత ఏడాదికి పైగా స్పృహ లేకుండా ఉండి లేస్తుంది. ఏదీ గుర్తుండదు. తల్లిదండ్రులు ఆమె చిన్నప్పటి వీడియోలన్నీ ఏడాదివారీగా చేతికిచ్చి చూడమంటారు. తెర మీద పుట్టినరోజులు, నవ్వులు, నాట్యం. ఆ పిల్ల తనేనని అందరూ చెబుతుంటే, అయి ఉండాలి కాబట్టి చూస్తూ కూర్చుంటుంది. తర్వాత తెలుస్తుంది: ప్రమాదంలో మిగిలింది ఆమె మెదడులో పదో వంతు. మిగతాది, శరీరంతో సహా, తండ్రి తయారు చేయించినది. ఆ నవలలోని చట్టం ప్రకారం మనిషి శరీరంలో ఎంత భాగాన్ని మార్చవచ్చో పాయింట్ల లెక్క ఉంటుంది. ఆ లెక్కన జెన్నా ఉండటమే నేరం.

ఆ తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. కూతురు చనిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయినవాళ్లు. నా దృష్టిలో యువపాఠకుల సైన్స్ ఫిక్షన్ అంతటికీ గుండెకాయ ఇక్కడ ఉంది. ప్రభుత్వం క్రూరమైనదని తేలిన కథల్లో కథానాయిక చేయాల్సింది ముందే తెలిసిపోతుంది, తిరగబడటం. అందులో సాహసం ఉంటుంది, పరుగులు ఉంటాయి, కానీ ధర్మసంకటం ఉండదు. అన్యాయం చేసిన చెయ్యీ, జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ వేసిన చెయ్యీ ఒకటే అయినప్పుడు సంకటం మొదలవుతుంది. పిల్లలకు ఇది అర్థం కాదని కొందరు పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. పన్నెండేళ్లకు అర్థమైనంతగా మళ్లీ ఎప్పుడూ అర్థం కాదేమో.

లోయిస్ లౌరీ 1993లో రాసిన 'ది గివర్'నే తీసుకోండి. దాని గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా రంగుల్లేని ఆ లోకం గురించి, కట్టుబాట్ల గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ఒక దృశ్యం కళ్ల ముందు నుంచి పోదు. పన్నెండేళ్ల జోనస్ తండ్రి పసిపిల్లల సంరక్షకుడు. ఎదుగుదల లేని ఒక పాపడిని కాపాడాలని రాత్రులు ఇంటికి తెచ్చుకుని పెంచేంత మెత్తని మనిషి. కవలలు పుట్టినప్పుడు ఇద్దరిలో ఒకరినే ఉంచాలన్నది అక్కడి నియమం. రెండో బిడ్డను 'విడుదల' చేస్తారు. విడుదల అంటే ఇంకో చోటికి పంపడమని జోనస్ నమ్మకం. ఆ ఉదయం జరిగిన దాని రికార్డింగు చూస్తాడు. తండ్రి బిడ్డలిద్దరినీ తూకం వేస్తాడు. తేలికగా ఉన్నవాడిని పడుకోబెట్టి, చేతి నరాలు మరీ సన్నం కాబట్టి నుదుటి నరంలోకి సూది గుచ్చుతాడు. ఆ చేస్తున్నంత సేపూ ఇంట్లో పిల్లలతో మాట్లాడే ముద్దుగొంతుతోనే మాట్లాడతాడు. కదలిక ఆగాక చిన్న పెట్టెలో పెట్టి, గోడలోని తలుపు తెరిచి లోపలికి తోసి, చెయ్యి ఊపుతాడు.

ఆ ముద్దుగొంతు చూడండి. రచయిత్రి అక్కడ తండ్రి గొంతును ఏ మాత్రం కఠినం చేసి ఉన్నా జోనస్ పని సులువయ్యేది. ద్వేషించి వెళ్లిపోయేవాడు. ఆ గొంతు మారలేదు కాబట్టి, తనను జోకొట్టిన గొంతు కూడా అదే కాబట్టి, తన బాల్యం మొత్తాన్ని మళ్లీ వినాల్సి వచ్చింది. నేనెవరినన్న ప్రశ్నా, ఇప్పుడు నేనేం చేయాలన్న ప్రశ్నా అతనికి ఒకే క్షణంలో, ఒకే గొంతులోంచి వచ్చాయి. ఇంట్లో నిద్రపోతున్న ఆ పాపడికి కూడా విడుదల ఖాయమైందని తెలిశాక వాడిని ఎత్తుకుని రాత్రిపూట పారిపోతాడు. నా రెండో ప్రతిలోని అమ్మాయి భుజాన సంచి వేసుకుని వెళ్లడం ఇక్కడి నుంచి వచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది. కానీ జోనస్ చేతుల్లో కాపాడాల్సిన బిడ్డ ఉన్నాడు. నా అమ్మాయి చేతుల్లో సంచి తప్ప ఏమీ లేదు. ఊరికే వెళ్లిపోయింది.

నాన్సీ ఫార్మర్ 2002 నవల 'ది హౌస్ ఆఫ్ ది స్కార్పియన్' ఇంకో రకంగా కోస్తుంది. నూట నలభై ఏళ్లు దాటిన మాదకద్రవ్యాల దొర తన అవయవాలు పాడైనప్పుడు మార్చుకోవడానికి క్లోన్లను, అంటే తన కణాల నుంచే పుట్టించిన నకళ్లను, పెంచుకుంటాడు. మాట్ అందులో ఒకడు. వాడి పాదం మీద ఫలానా ఎస్టేటు ఆస్తి అని ముద్ర ఉంటుంది. దొరకు గుండె అవసరమయ్యే రోజు వస్తుంది. అప్పుడు మాట్‌ను పెంచిన వంటమనిషి సీలియా ఒక నిజం బయటపెడుతుంది. కొన్నాళ్లుగా వాడికి కొద్దికొద్దిగా ఆర్సెనిక్ ఇస్తూ వచ్చింది. వాడిని చంపనంత, కానీ ఆ గుండెను పెట్టుకుంటే ముసలి దొర తట్టుకోలేనంత.

విషం పెట్టి కాపాడింది. వాడికి చెప్పలేదు, అడగలేదు. జెన్నా తండ్రి కూడా కూతుర్ని అడగలేదు. మరి సీలియాను పాఠకులు వెంటనే ఎందుకు క్షమిస్తారు, జెన్నా తండ్రి దగ్గర ఎందుకు ఆగుతారు? చాలా రోజులు ఆలోచించాక నాకు తోచిందిది: సీలియా వాడి గుండెను వాడికే ఉంచడానికి ఆ పని చేసింది. జెన్నా తండ్రి చేసింది జెన్నా కోసమా, జెన్నా లేకుండా బతకలేని తన కోసమా అన్నది ఆయనకే తెలియదు. ఇక జెన్నా మాటకొస్తే, చనిపోయిన స్నేహితులిద్దరి మనసుల ప్రతులు కూడా తండ్రి దాచాడని తెలుసుకుని, వాటిని తన చేతులతో నీళ్లలో పడేస్తుంది. చీకట్లో, శరీరం లేకుండా, గొంతు లేకుండా ఉండటం ఎలా ఉంటుందో తను అనుభవించింది కాబట్టి వాళ్లను వదిలించాలనుకుంది. కానీ వాళ్లను అడిగే దారి లేదు. తల్లిదండ్రులు తన విషయంలో చేసినట్టే తనూ ఇతరుల బదులు నిర్ణయం తీసుకుంది. ఆ పేజీలు ఎన్నిసార్లు చదివినా నాకు తీర్పు తేలలేదు. తేలకుండా వదిలిన రచయిత్రి మీద గౌరవం మాత్రం పెరిగింది.

క్లోన్ కథ రాసేవాళ్లు ఒక వాస్తవాన్ని దగ్గర పెట్టుకోవాలి. 1996 జులై 5న స్కాట్లండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది. ఆరేళ్ల గొర్రె పొదుగు కణం నుంచి, 277 ప్రయత్నాల్లో నిలిచిన ఒకే ఒక్కటి. అందరికీ డాలీ తెలుసు. నాకు ఇంకా ఇష్టమైనది 2001 డిసెంబరులో అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పుట్టిన పిల్లి, సీసీ. మొదటి క్లోన్ పిల్లి. దాని మూలమైన పిల్లి, పేరు రెయిన్‌బో, నారింజ, నలుపు, తెలుపు కలిసిన మచ్చల పిల్లి. సీసీ ఒంటి మీద నారింజ రంగు చుక్కైనా లేదు. ఆడపిల్లి ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి మూతపడి ఉంటుంది. సీసీని పుట్టించిన కణంలో నారింజ జన్యువున్న క్రోమోజోము మూతపడి ఉంది, అది అలాగే మూతపడి ఉండిపోయింది. జన్యువులన్నీ అవే. పిల్లి వేరు. పక్కపక్కన పెడితే చుట్టాలని కూడా అనుకోరు. నా నవల మొదటి ప్రతిలో అమ్మాయికి అక్క పుట్టుమచ్చ ఉన్నచోటే పుట్టుమచ్చ పెట్టి మురిసిపోయాను. సీసీ గురించి చదివాక కొట్టేశాను.

ఇవన్నీ కథలే అనుకోవడానికి లేదు. 2000లో అమెరికాలో ఒక బాబు పుట్టాడు. ఫాంకోని ఎనీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుతో బాధపడుతున్న అక్కకు కణజాలం సరిపోయేలా, ఆ జబ్బు తనకు లేకుండా, పిండ దశలోనే పరీక్షించి ఎంచుకున్నారు. అతని బొడ్డుతాడు రక్తంతో అక్కకు చికిత్స జరిగింది. నేనైతే తప్పు పట్టలేను. పారేసే రక్తమే అది, బిడ్డకు నొప్పి లేదు. కానీ బొడ్డుతాడుకూ మాట్ గుండెకూ మధ్య చాలా మెట్లున్నాయి. మూలుగ, మూత్రపిండం, ఇంకోసారి మూలుగ. ఏ మెట్టు దగ్గర ఆ పిల్లవాడిని అడగడం మొదలుపెట్టాలి? అతను వద్దంటే ఇంట్లో ఏమవుతుంది? 2018లో చైనాలో జన్యువులు మార్చిన కవల ఆడపిల్లలు పుట్టారు. ఆ పని చేసిన శాస్త్రవేత్తకు మరుసటి ఏడాది డిసెంబరులో మూడేళ్ల జైలు పడింది. ఆ పిల్లల గురించి ప్రపంచానికి తెలిసినవి మారుపేర్లే. 2031లో వాళ్లకు పదమూడేళ్లు నిండుతాయి, నా నవలలోని అమ్మాయి వయసు. ఇలాంటి పుస్తకం ఏదో ఒకటి వాళ్ల చేతికి అందుతుందన్న ఊహతోనే కొన్ని వాక్యాలను పదిసార్లు దిద్దుతున్నాను.

1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో ఎనిమిదో అధికరణం, పిల్లలకు తమ గుర్తింపును కాపాడుకునే హక్కు ఉందంటూ అందులో జాతీయత, పేరు, కుటుంబ సంబంధాలు వస్తాయని చెబుతుంది. పేరు అన్న మాట దగ్గర నా వేలు చాలాసేపు ఆగింది.

మనకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. బేతాళ కథల్లో తలలు మారిన కథ ఉంది కదా. సోమదేవుడి కథాసరిత్సాగరంలో చూడండి. మదనసుందరి అనే ఆమె భర్తా, అన్నా గుడిలో తలలు తెగి పడి ఉంటారు. దేవి కరుణించి తలలు మొండేలకు అతికించమంటుంది. మదనసుందరి సంతోషంలో, తొందరలో భర్త తల అన్న మొండేనికీ, అన్న తల భర్త మొండేనికీ పెట్టేస్తుంది. ఇద్దరూ లేచి కూర్చుంటారు. భర్త ఎవరని బేతాళుడు అడిగితే, అవయవాలన్నిటిలో తలే ప్రధానం కాబట్టి భర్త తల ఉన్నవాడే భర్త అంటాడు రాజు. దాదాపు ఆరువందల ఏళ్ల తర్వాత, 1694లో, ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ ఇంచుమించు ఇదే అన్నాడు. రాకుమారుడి స్మృతులన్నీ చెప్పులు కుట్టేవాడి శరీరంలోకి చేరితే ఆ వ్యక్తి రాకుమారుడేనని.

చిన్నప్పుడు ఆ కథ చదివి రాజు జవాబుకు సరేననుకున్నాను. ఇప్పుడు కాదు. లేచి కూర్చున్న ఆ ఇద్దరినీ ఎవరూ ఒక్క మాట అడగలేదు. మదనసుందరిని అసలే అడగలేదు. ప్రేమతో తొందరపడి తలలు తారుమారు చేసిన మనిషి అక్కడే నిలబడి ఉంది. ఆమెకు ఏం తెలుసో ఎవరికీ అక్కరలేకపోయింది.

ఇది తట్టిన సాయంత్రమే చూచిరాత పుస్తకం తీసుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మకు డెబ్బయ్యారేళ్లు. నాకు ఊహ తెలిసిన తర్వాత ఆ పుస్తకాన్ని మేమిద్దరం కలిసి చూడటం అదే మొదటిసారి.

"తను నాలా లేనిదెక్కడ?" అని అడిగాను.

అమ్మ ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. ఆ ప్రశ్న కోసమే ఎన్నేళ్లుగానో చూస్తున్నట్టు వెంటనే మొదలుపెట్టింది. తనకు చీకటంటే భయమట. పాట పాడమంటే తలుపు వెనక్కి వెళ్లి పాడేదట. కుర్చీ ఎక్కాలన్నా అమ్మ వేలు పట్టుకునేదట.

"మరి బీరువా మీద నుంచి దూకింది?"

"దూకింది నువ్వే. తను ఎక్కడ దూకుతుంది! నువ్వే దూకావు, ఒకసారి కాదు, మూడుసార్లు. మీ నాన్న మంచం జరిపేశారు."

ముప్పై రెండేళ్ల క్రితం ఆ కాగితం మీద ఆమెకు రాసిచ్చేసిన దూకుడు. కడుపులో ఆ జలదరింపు నాదే.

అమ్మ పుస్తకం మొదటి పేజీ మీద వేలు పెట్టింది. ఎర్ర దీర్ఘాల మీద. "దీర్ఘం మరిచిపోయేది కాదు తను," అంది. "కావాలనే వదిలేసేది. పొట్టిగా ఉంటేనే బాగుంది అనేది. నేను పెట్టేదాన్ని, తను మళ్లీ వదిలేసేది." ఇంకా ఏదో అనబోయి ఆగి, నా పేరును దీర్ఘం లేకుండా ఒకసారి పలికింది. నన్ను పిలవడం కాదని ఆ గొంతులోనే తెలిసింది.

తొమ్మిదో అధ్యాయం మళ్లీ రాశాను. అమ్మాయి క్షమించదు, వెళ్లిపోదు. తల్లిని అక్క గురించి అడుగుతుంది, తల్లి చెబుతూ పోతుంది, మధ్యలో తెల్లవారుతుంది. చివర్లో తల్లి ఒక జ్ఞాపకాన్ని చూపించి "అది నువ్వే" అంటుంది. నిన్న మా అమ్మాయి చదివి మూడు గీతలు గీసింది. రెండు చోట్ల దిద్దాను. మూడోది సరిగ్గా ఆ మాట పక్కన ఉంది. తల్లి అంత కాలం చెప్పకుండా ఉంటుందా, ఇది నమ్మలేకపోతున్నాను అంది. ఆ గీత పక్కన నేనేమీ మార్చలేదు. చూచిరాత పుస్తకం తెచ్చి తన ముందు పెట్టి, అమ్మమ్మను అడగమన్నాను.